రెండు డబ్బాల సముద్రం

సముద్రాన్ని బస్సెక్కించి విజయనగరం రప్పించినవాణ్ణి నేనే. ఇందులో పెద్ద గొప్పేమీ లేదు కానీ ఆ రోజుల్లో నాకున్న గొప్పలన్నీ ఇలాంటివే.

అరవైల చివర్లో ఆ ఊళ్ళో ఒక కాలేజీలో, వృక్షశాస్త్ర విభాగంలో పరిశోధన చేసేవాణ్ణి. మాది బొబ్బిలి పక్కన పల్లె. వరి చేల మధ్య పుట్టి పెరిగాను. అయినా తెల్లకోటు తొడుక్కున్న రోజు నుంచి వరిని వరి అనడం మానేశాను. దాని శాస్త్రీయ నామం 'ఒరైజా' కాబట్టి అలాగే పిలిచేవాణ్ణి. సెలవులకి ఇంటికి వెళ్ళి, భోజనాల దగ్గర "అమ్మా, ఇంకొంచెం ఒరైజా పెట్టు" అన్నాను. మా అమ్మ నా ముందున్న కంచం లాగేసి, "ఆ ఒరైజా ఏదో వండిపెట్టే దాన్నే అడుగు, పో" అంది. అలా ఉండేవాణ్ణి నేను. కోపం, గర్వం రెండూ సమానంగా ఉండేవి, చదువు మాత్రం కాస్త తక్కువ.

మా విభాగం వెనక ఒక అద్దాల గది ఉండేది. మొక్కల మీద ప్రయోగాలు చేయడానికి దొరల కాలంలో కట్టారట. అద్దాలు సగం పగిలిపోతే ఆ ఖాళీల్లో తాటాకు తడికలు కట్టారు. మధ్యాహ్నం పూట లోపలికి వెళితే మనిషి ఉడికిపోయేవాడు. ఈ వేడి విలువ శాస్త్రజ్ఞులకన్నా ముందు మా ప్రొఫెసర్ గారి భార్య కనిపెట్టారు. నా కుండీల మధ్య చాపలు పరిపించి గుమ్మడి వడియాలు పెట్టించేవారు. ఒకసారి నా ప్రయోగపు పుస్తకంలో 'మూడో కుండీ, ఆకుల మీద జీలకర్ర' అని రాసుకోవలసి వచ్చింది. ప్రొఫెసర్ గారికి చూపిస్తే ఆయన చాలాసేపు ఆలోచించి, "అది కొట్టేయవయ్యా" అన్నారు.

ఉప్పు నేలలో బతికే వరి ఏదో తేల్చడం నా పని. ఒక వరుస కుండీలకి బావి నీళ్ళు పోయాలి. రెండో వరుసకి నాలుగు పాళ్ళు బావి నీళ్ళలో ఒక పాలు సముద్రపు నీళ్ళు కలిపి పోయాలి. ఎవరు బతికారు, ఎవరు పోయారు, రాసుకోవాలి. అంతే. బజారు ఉప్పు కలిపితే సరిపోదా అని మీరు అడగొచ్చు. ప్రొఫెసర్ గారూ అడిగారు. "అసలు సముద్రం అసలు సముద్రమే సార్" అన్నాను. నాకు ఒక మాట నోట్లోంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాదు. అందుకని రెండు పెద్ద నూనె డబ్బాలు సబ్బుతో కడిగి, శ్రీకాకుళంలో బస్సు మారి, కళింగపట్నం వెళ్ళాను.

అక్కడ మోకాలి లోతు నీళ్ళలో దిగి డబ్బా ముంచాను. అల వచ్చి డబ్బానీ నన్నూ కలిపి ముంచింది. నేను డబ్బాని వదల్లేదు, డబ్బా నన్ను వదల్లేదు. ఎవరో నా చొక్కా కాలర్ పట్టుకుని ఒడ్డుకి ఈడ్చారు. చూస్తే యాభై ఏళ్ళ రైతు, తలకి తువ్వాలు.

"ఏటి బాబూ, సచ్చిపోదామనేటి? డబ్బా అట్టుకుని సావడమేటి?" అన్నాడు.

"కాదు మావా, నీళ్ళు పట్టుకుందామని" అన్నాను దగ్గుతూ.

"ఉప్పు నీల్లు ఏటికి?"

"వరికి పొయ్యడానికి."

ఆయన నవ్వడం మొదలుపెట్టి, ఇసకలో కూలబడి నవ్వాడు. "ఓరి నాయనో! మాకు ఒద్దంటే వస్తాది ఉప్పు నీరు. నువ్వు డబ్బాలెట్టుకుని మోసుకెల్తన్నావా?"

నవ్వు ఆగాక ఆయన తన సంగతి చెప్పాడు. ఏటి మొగ దగ్గర రెండెకరాల పల్లం ఉంది. రెండేళ్ళ కిందట పెద్ద పోటు వచ్చి గట్టు దాటి ఉప్పు నీరు పొలంలో నిలిచిపోయింది. అప్పట్నుంచి ఏ వరి నాటినా ఆకులు తెల్లబడి చచ్చిపోతోంది. ఇప్పుడు ఇల్లు గడిచేది ఊరి పైనున్న మూడెకరాల మెట్ట మీదే. అందులో చోళ్ళు, అంటే రాగులు, వేరుశనగ పండుతాయి.

"నీ కుండీల్లో బతికిన వరి నా పల్లంలో కూడా బతుకుతాది కదేటి?" అని అడిగాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"తప్పకుండా బతుకుతాది. మా సదువు దానికే మావా" అన్నాను, ముక్కులోంచి సముద్రం కారుతుండగా.

ఆయన కూతురు కాపురం విజయనగరంలోనే. మనవడు పుట్టి మూడు నెలలైంది. ప్రతి శనివారం ఎండుచేపలు పట్టుకుని మనవడిని చూడ్డానికి వస్తాడు. ఆ వచ్చేటప్పుడు రెండు డబ్బాల సముద్రం తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. ఒక్క శనివారం తప్పలేదు. సాయంత్రానికి అద్దాల గది గుమ్మంలో రెండు డబ్బాలు, వాటి మీద నా ఎర్ర సిరా చీటీ: 'సముద్రపు నీరు. ముట్టరాదు.'

పుష్యమాసంలో నేను నాటిన కొత్త పొట్టి వరి రకాలు మూడూ ఉప్పు వరుసలో చచ్చిపోయాయి. ఎంత శుభ్రంగా చచ్చిపోయాయంటే రాసుకోవడానికి ఏమీ మిగల్చలేదు. అద్దాల గదికి నీళ్ళు తోడిపోసే మామ్మ ఒకావిడ ఉండేది. అరవై దాటిన మనిషి. నన్ను తిట్టే హక్కు కాలేజీ వాళ్ళు ఆవిడకి ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది.

"పసిపిల్లల్నాటి మొక్కలు. ఆటి గొంతులో ఉప్పు పోస్తన్నావు. నీకు సేతులెలా వస్తన్నాయి బాబూ?" అంది.

"ఇది సైన్సు మామ్మా."

"ఏదైతే ఏటి, పాపం తగల్తాది."

మరుసటి శనివారం రైతు మావ డబ్బాలతో పాటు ఒక చిన్న మూట తెచ్చాడు. అందులో ఎర్రటి మొద్దు ధాన్యం. వాళ్ళ తాతల నాటి విత్తనమట, గాదె అడుగున మిగిలిందట. "ఇది ఎయ్యు. దీనికి ఉప్పంటే బయం నేదు" అన్నాడు. నాకు నమ్మకం లేదు. అయినా వేశాను. అప్పటికి మాఘమాసం వచ్చింది.

ఇక ఆ వరి పెరిగింది చూడండి! ఉప్పు వరుసలో ఉన్న కుండీలన్నీ పచ్చగా, నిగనిగలాడుతూ, బావి నీళ్ళ వరుసతో పోటీ పడుతూ లేచాయి. నేను రోజూ తెల్లకోటు గుండీలు పెట్టుకుని, గాజు గొట్టంలో ఒక పాలు సముద్రం కొలిచి, నాలుగు పాళ్ళు బావి నీళ్ళు కొలిచి, కలిపి, పోసేవాణ్ణి. కొలతలో ఒక్క చుక్క తేడా రానిచ్చేవాణ్ణి కాదు. నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచే మిషను మా దగ్గర ఉంది కానీ దాని ముల్లు ఇరుక్కుపోతే రిపేరుకి మద్రాసు పంపారు. రసాయనశాస్త్రం వాళ్ళని అడిగితే నిమిషంలో తేల్చి చెబుతారు. కాని వాళ్ళ ప్రొఫెసరూ మా ప్రొఫెసరూ ఒక స్టూలు విషయమై మూడేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. పోనీ నాలిక మీద వేసుకుని చూడొచ్చు కదా అంటే, కళింగపట్నంలో నేను తాగిన సముద్రం జీవితానికి సరిపోయింది.

ఆ రోజుల్లోనే రైతు మావ ఒక కబురు చెప్పాడు. శ్రీకాకుళంలో బస్సు కండక్టరు డబ్బాల్లో ఏముందని అడిగాడట. సముద్రం అంటే, మాఘమాసం కదా, ఒక దోసెడు ఇమ్మని బతిమాలి నెత్తిన చల్లుకున్నాడట. డ్రైవరు కూడా బస్సాపి వచ్చి చల్లుకున్నాడట. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. నా బుర్రలో ఆ నవ్వు తప్ప ఇంకేమీ కదల్లేదు.

మూడో వారానికి నేను నేల మీద నడవడం మానేశాను. ప్రొఫెసర్ గారు హైదరాబాదుకి ఉత్తరం రాశారు. అక్కణ్ణుంచి వ్యవసాయశాఖ పెద్దాయన ఒకరు వచ్చి చూస్తారని జవాబు వచ్చింది. ఆ కొత్త వరికి నా పేరే పెట్టాలని నేను లోలోపల నిర్ణయించుకుని, అద్దం ముందు నిలబడి ఒకటి రెండుసార్లు పలికి చూసుకున్నాను. బాగానే ఉంది.

నాలుగో శనివారం రైతు మావ కుండీల ముందు గొంతుక్కూర్చుని, ఆకుల్ని వేళ్ళతో నిమిరాడు. తర్వాత చెప్పాడు. తన పల్లం పక్కనే బావమరిదికి నాలుగెకరాల ఉప్పు నేల ఉందట. దాన్ని తను తీసుకుని, బదులుగా తన మెట్ట అతనికిచ్చేయడానికి మాటైపోయింది. బుధవారం శ్రీకాకుళంలో రిజిస్ట్రీ.

"ఆడికి నవ్వాగట్నేదు బాబూ. ఉప్పు నేల వదిలిపోతంది అనుకుంటన్నాడు. నాకూ నవ్వాగట్నేదు" అన్నాడు. "సెయ్యమంటావా?"

మెట్ట పోతే ఆ ఇంటికి తిండి గింజలు వచ్చే చోటు ఇంకోటి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నేనేమన్నానో తెలుసా? "ఇంకో పదెకరాలు దొరికినా తీసీసుకో మావా" అన్నాను. ఇప్పటికీ తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మంగళవారం పెద్దాయన వచ్చారు. మనిషి భారీగా ఉన్నారు, మీద ఊలు కోటు. మాఘమాసం కదా, చలి ఉంటుందనుకున్నారేమో. ప్రొఫెసర్ గారు మెడకి టై బిగించుకున్నారు. ఆ ఒక్కరోజు వడియాలు లోపల లేవు. నేను పదిహేను నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. వేర్ల గురించి, లవణాల గురించి, ఆకు రంధ్రాల గురించి. పెద్దాయన ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. నా ప్రతిభకి చలించిపోయారనుకున్నాను. ఆయన చలించలేదు, ఊగారు. ఆ గది వేడికి, ఆ కోటుకి, కళ్ళు తిరిగి, దొరికిన స్టూలు మీద కూలబడ్డారు. పక్కనే ఉన్న డబ్బాలో కొలత గ్లాసు ముంచి గటగటా తాగేశారు.

"సార్! అది సముద్రం సార్!" అని నేను కెవ్వుమన్నాను.

ఆయన ఇంకో గ్లాసు ముంచుకుని అదీ తాగారు. మూతి తుడుచుకుని, "అమ్మయ్య. మీ ఊరి నీళ్ళు భలే తియ్యగా ఉన్నాయయ్యా" అన్నారు.

ప్రొఫెసర్ గారు వేలు ముంచి నాకారు. నేనూ నాకాను. రెండో డబ్బా కూడా నాకాం. శుభ్రమైన బావి నీళ్ళు. నెల రోజులుగా నేను బావి నీళ్ళలో బావి నీళ్ళు కలిపాను, చుక్క తేడా రాకుండా కొలిచి మరీ.

మామ్మని పిలిచారు. ఆవిడ కొంగు దులుపుకుంటూ వచ్చింది. భయం లేదు, బెదురు లేదు.

"మాగమాసం కద బాబూ. ఆదివారం సముద్దర తానం సెయ్యాల. మా ఈదిలో ముసిల్దాయిలు బస్సులెక్కి ఎక్కడికెల్తారు? ఒకరికి మోకాల్ల నొప్పి, ఒకరికి సూపు నేదు. ఇక్కడ సూస్తే సముద్దరం ఊరికే పడున్నాది. శనివారం శనివారం సాయంత్రం తీసుకెల్తే తలా సెంబుడు బకెట్లో కలుపుకున్నారు. మల్లీ డబ్బా ఖాళీగా ఉంటే నువ్వు బాదపడతావని బావి నీల్లు నింపీసినాను."

"చీటీ అంటించాను కదా మామ్మా! ముట్టొద్దని!" అని అరిచాను.

"నాకు సదువొస్తే నీ కుండీలకి నీల్లు తోడతానేటి?" అంది ఆవిడ. తర్వాత జాలిగా నా వైపు చూసింది. "అయినా మొక్కలకి పున్నెం ఏటికి బాబూ? మనుసులకి కావాల గాని."

పెద్దాయన ఈ లోపల కోటు విప్పేశారు. స్టూలు మీదనే కూర్చుని, భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వుతున్నారు. వెళ్ళేటప్పుడు మామ్మకి నమస్కారం పెట్టి, "మా అమ్మ ఈ ఊళ్ళో లేకపోయింది తల్లీ" అన్నారు. నాకు మాత్రం నమస్కారం పెట్టలేదు.

ఆయన వెళ్ళాక ప్రొఫెసర్ గారు టై వదులు చేసుకుని, "ఊరంతా టాంటాం చేయకు. నెమ్మదిగా మళ్ళీ ప్రయోగం చేద్దాం" అన్నారు. నాకు ఆ మాట నెత్తిన పాలు పోసినట్టు అనిపించింది. సిగ్గు మాలిన నిజం ఇది. గుటకలు మింగి ఊరుకుందామనే అనుకున్నాను. అప్పుడు బుధవారం గుర్తొచ్చింది.

తెల్లవారుతూనే మొదటి బస్సెక్కాను. దారంతా ఎలా చెప్పాలో కూర్చుకున్నాను. 'ప్రయోగంలో కొన్ని సాంకేతిక లోపాలు' అని మొదలుపెడదామనుకున్నాను. శ్రీకాకుళం రిజిస్ట్రీ కచేరీ అరుగు మీద మావ, ఆయన బావమరిది పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. దస్తావేజు రాసేవాడు కాగితం సగం నింపేశాడు. మావ నన్ను చూసి మురిసిపోతూ, "సూడరా, మా సైంటిస్టు బాబు తనకి తానే సాచ్చికానికొచ్చినాడు" అన్నాడు.

సాంకేతిక లోపాలు గొంతులోనే ఉండిపోయాయి. "మావా, సంతకం పెట్టకు. అది బావి నీళ్ళు. ముసిలమ్మలు నీ సముద్రంతో తానాలు సేసీసినారు. నీ వరి ఉప్పు మొహం సూళ్ళేదు. నాకేటీ తెలీదు మావా, నేనొట్టి ఎదవని" అని ఒక్క గుక్కలో చెప్పేసి ఏడ్చాను. పాతికేళ్ళవాణ్ణి, రిజిస్ట్రీ కచేరీ ముందు, అందరూ చూస్తుండగా.

బావమరిది దిగ్గున లేచాడు. "ఇదేటి బావా? కాగితం రాసేస్తంటే మద్దిలో ఈ గోలేటి? మాటంటే మాటే!"

మావ అతని వైపు చూడలేదు. నన్నే చూస్తున్నాడు. "ఎంతమంది?" అన్నాడు.

"ఏటి ఎంతమంది?"

"తానాలు సేసిన ముసిల్దాయిలు."

"ఇరవై మంది దాకా ఉంటారట."

"నాను మోసిన నీల్లతోనే?" అన్నాడు. మీసం చివర కదిలింది. "ఇరవై మందే! ఒరే, ఇన్నావా?" అని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. బావమరిది నవ్వలేదు. నవ్వాక మావ దస్తావేజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నిజం ఉప్పుతో సూద్దుం. బతికితే మల్లీ వస్తాం, పద" అన్నాడు. బావమరిది మూతి ముడుచుకుని బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడట.

ఆ శనివారం మావ నాలుగు డబ్బాలు తెచ్చాడు. "రెండు నీకు, రెండు ఆల్లకి. ఇంక దొంగతనం అక్కర్నేదు" అని మామ్మ ముందు రెండు పెట్టాడు. మాఘమాసం అయిపోయింది కదా అన్నాను. మామ్మ నన్ను తోసుకుంటూ వచ్చి ఆ రెండూ చెరో చేత్తో ఎత్తుకుపోయింది. నేను మిగిలిన డబ్బాలోంచి ఒక చుక్క నాలిక మీద వేసుకుని, ఉమ్మి, అప్పుడు కొలిచాను.

మొదటి వారానికి ఆకుల కొసలు మాడాయి. రెండో శనివారానికి ఆకులు తెల్లబడి చుట్టుకుపోయాయి. మూడో శనివారం మావ వచ్చేసరికి వరుస మొత్తం చచ్చిపోయి ఉంది. తాతల నాటి విత్తనానికి కూడా ఉప్పంటే భయమేనని తేలింది. ఆయనకి ముఖం చూపించలేక నేను బావి నీళ్ళ వరుసకి నీళ్ళు పోస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. ఆయన అన్ని కుండీలూ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. ఒక మొక్కని వేళ్ళతో పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమీ అనుకోకు మావా" అన్నాను.

"ఏటనుకుంటాను?" అన్నాడు. "మంచి పనే సేసినావు. ఇక్కడ సచ్చింది. నా నాలుగెకరాల్లో సావాల్సింది ఈ కుండీలో సచ్చింది. నా సోల్ల సేను నాకున్నాది బాబూ. పిల్లలకి అంబలున్నాది." ఆ ఎండిన మొక్కని చెత్తలో పడేయలేదు. తువ్వాలు కొసన ముడేసుకున్నాడు, బావమరిదికి చూపించాలట.

తర్వాత నా పరిశోధన కొన్నిచోట్ల అచ్చయింది, కొందరు మెచ్చుకున్నారు కూడా. చచ్చిపోయిన మొక్కని చూసి నన్ను మెచ్చుకున్నవాడు మాత్రం ఆయనొక్కడే.